థీమ్ పార్కులు – దివ్యాంగుల సందర్శన

టికెట్టు కొని లోపలికి వెళ్లి రోజంతా గడిపే వినోదస్థలం థీమ్ పార్కు. రోలర్ కోస్టర్లు, నీటి జారుడుబల్లలు, సినిమా సెట్లు, మంచు గదులు, ఆటపాటల ప్రదర్శనలు అక్కడ ఒకే ఆవరణలో ఉంటాయి. నడవలేనివారు, చూపు లేనివారు, వినపడనివారు, ఆటిజం ఉన్నవారు, బయటికి కనిపించని జబ్బులతో బతికేవారు అటువంటి చోటికి వెళ్లి, ఎక్కగలిగింది ఎక్కి, చూడదగింది చూసి, క్షేమంగా, మనసు చిన్నబుచ్చుకోకుండా తిరిగి రావడానికి ఏమేమి కావాలన్నది ఈ వ్యాస విషయం. రైడ్ మీద గడిచేది రెండు మూడు నిమిషాలే. మిగిలిన పగలంతా దారి, మెట్లు, వరుస, ఎండ, మూత్రశాల. సందర్శన సాగుతుందా మధ్యలో ఆగిపోతుందా అన్నది ఎక్కువగా ఈ మిగిలిన పగటి మీదే ఆధారపడుతుంది.

వాడుకలో ఉన్న మాటలు

తెలుగులో చాలాకాలం ‘వికలాంగులు’ అన్నదే వాడుక. 2015 డిసెంబరు 27న ప్రధాని నరేంద్ర మోదీ ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ‘దివ్యాంగ్’ అన్న మాటను సూచించాక ‘దివ్యాంగులు’ ప్రభుత్వ కాగితాల్లోకి, పత్రికల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘విభిన్న ప్రతిభావంతులు’ అంటుంది. హక్కుల సంఘాల్లో పలువురు ఈ కొత్త మాటలను ఒప్పుకోరు. దైవత్వం అంటగడితే అడ్డంకులు తొలగవని, అడిగేది హక్కులేనని వారి వాదన. నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి వేలమంది వలస వెళ్లే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2017 నుంచి ‘దృఢసంకల్పులు’ అనే అర్థం వచ్చే మాట అధికారికం. ఊళ్లలో మాత్రం లెక్కకు వచ్చేది శాతం. ‘సదరంలో ఎంత వచ్చింది?’ అన్నదే మొదటి ప్రశ్న. సదరం అంటే వైకల్య శాతాన్ని తేల్చే పరీక్ష. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటేనే పింఛను, బస్సు రాయితీ వంటివి దక్కుతాయి. సదరం సర్టిఫికెట్టుకు తోడు ఇప్పుడు దేశమంతటా చెల్లే యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు వచ్చింది. పార్కు కౌంటరు దగ్గర చూపడానికి పనికివచ్చేది ఇదే.

చరిత్ర

వినోద ఉద్యానవనాల్లోకి వైకల్యం ఉన్న మనిషి మొదట సందర్శకుడిగా రాలేదు, ప్రదర్శనవస్తువుగా వచ్చాడు. న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో 1904లో తెరిచిన డ్రీమ్‌ల్యాండ్ పార్కులో మరుగుజ్జుల కోసం ‘లిలిపుషియా’ పేరుతో ఒక చిన్న పట్నం కట్టి, దాదాపు 300 మందిని అందులో ఉంచి, టికెట్టు పెట్టి చూపించారు. 1911లో డ్రీమ్‌ల్యాండ్ అగ్నికి ఆహుతైంది. ఆ అలవాటు మాత్రం సర్కస్ డేరాల్లో చాలాకాలం బతికింది. తెలుగు ఊళ్లకు వచ్చిన సర్కసుల్లో పొట్టివారికి దక్కింది బఫూన్ వేషమే. మరుగుజ్జుతనాన్ని మన చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది 2016లో.

నేటి థీమ్ పార్కులకు నమూనా 1955లో కాలిఫోర్నియాలో తెరిచిన డిస్నీల్యాండ్. వైకల్యం ఉన్నవారి ప్రవేశం హక్కుగా మారడానికి ఆ తరవాత మరో 35 ఏళ్లు పట్టింది. 1990లో అమెరికా వికలాంగుల చట్టం వచ్చింది. దాని కింద రూపొందిన 2010 నాటి ప్రమాణాలు 2012 మార్చి నుంచి తప్పనిసరయ్యాయి. వాటి ప్రకారం కొత్తగా కట్టే రైడ్‌లో మూడింటిలో ఒకటి ఉండాలి: వీల్‌చైర్‌తో సహా ఎక్కే చోటు, లేదా వీల్‌చైర్ నుంచి జరిగి కూర్చోవడానికి వీలైన సీటు, లేదా అలా జరపడానికి ఒక సాధనం.

ఈ చరిత్రలో విడిగా చెప్పుకోవలసిన పార్కు టెక్సస్‌లోని సాన్ ఆంటోనియోలో ఉంది. గోర్డన్ హార్ట్‌మన్ అనే గృహనిర్మాణ వ్యాపారి ఒక సెలవుల ప్రయాణంలో, ఈతకొలనులో తన కూతురు మోర్గన్ ఆడుకోవడానికి దగ్గరికి వెళితే మిగతా పిల్లలు తప్పుకుని వెళ్లిపోవడం చూశాడు. ఆ తండ్రి కట్టించిన ‘మోర్గన్స్ వండర్‌ల్యాండ్’ 2010 ఏప్రిల్‌లో తెరుచుకుంది. పాత రాతిగని నేలలో 25 ఎకరాల్లో ఉన్న ఈ పార్కులో వైకల్యం ఉన్నవారికి ప్రవేశం ఉచితం. రంగులరాట్నం మీదికి, ఊయల మీదికి వీల్‌చైర్‌తోనే వెళ్లవచ్చు. 2017లో పక్కనే నీటి పార్కు వచ్చింది. బ్యాటరీ వీల్‌చైర్ తడిస్తే పాడవుతుంది కాబట్టి అక్కడ పీడనంతో నింపిన గాలితో నడిచే వీల్‌చైర్లు ఇస్తారు. వైకల్యం ఉన్నవారికి ఒక మూల కేటాయించడం కాక, అందరూ కలిసి ఆడేలా మొదటి గీత నుంచే ఆలోచించడం ఈ పార్కు ప్రత్యేకత. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కారులో వెళ్లిరాగల దూరం.

తెలుగు నేల మీద

జాతరల్లో తిరిగే రంగులరాట్నాలు, జెయింట్ వీళ్లు, మోటారు సైకిళ్ల మృత్యుబావులు ఇక్కడి తొలి వినోద యంత్రాలు. హైదరాబాద్‌లో 1938లో మొదలైన నుమాయిష్ ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు నాంపల్లి మైదానంలో జరుగుతుంది. పల్లెల నుంచి వచ్చినవారు పెద్ద రైడ్లను మొదట చూసింది చాలావరకు అక్కడే. తాత్కాలికంగా దించి, బిగించి, మళ్లీ విప్పుకుపోయే ఈ యంత్రాల దగ్గర ర్యాంపు అన్న ఆలోచనే ఉండదు. జెయింట్ వీల్ తొట్టిలోకి మనుషులు ఎత్తి కూర్చోబెట్టడం ఒక్కటే మార్గం.

శాశ్వత పార్కుల కాలం 1990ల నుంచి. రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో, ఇందిరా పార్కు దగ్గరి స్నో వరల్డ్ 2004లో, రావిర్యాలలో వండర్‌లా 2016 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యాయి. మూడింటి స్వభావం వేరు, కాబట్టి ఇబ్బందీ వేరు. ఫిల్మ్ సిటీలో దూరాలు పెద్దవి. సెట్ల మధ్య బస్సుల్లో తిప్పుతారు, అందువల్ల ఎక్కడం, దిగడం రోజులో పలుమార్లు. అయితే అక్కడ చూసేదే ఎక్కువ, ఊగేది తక్కువ. వెన్నెముక దెబ్బతిన్నవారికి ఈ తరహా పార్కే అనువు. వండర్‌లా వంటి చోట దూరాలు చిన్నవి, ఆకర్షణ అంతా ఎత్తు, వేగం, నీళ్లలో ఉంటుంది. స్నో వరల్డ్‌లో అడ్డంకి చలి.

ఏర్గట్ల నుంచి ఒక ప్రయాణం

అడ్డంకులు పార్కు గేటు దగ్గర మొదలు కావని చెప్పడానికి నిజామాబాద్ జిల్లాలోని ఏర్గట్ల మంచి ఉదాహరణ. ఒకప్పుడు మోర్తాడ్ మండలంలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరులో మండల కేంద్రమైంది. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలతో కలిసి ఇది పసుపు పండే నేల. ఇక్కడి నుంచి హైదరాబాద్ పార్కులు రెండు వందల కిలోమీటర్లకు పైమాటే.

మొదటి చిక్కు కాలానిది. పసుపు తవ్వకం జనవరిలో మొదలవుతుంది. కొమ్ములు ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చేసరికి మార్చి, ఏప్రిల్ వస్తాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడేదీ, పిల్లలకు బడి సెలవులు వచ్చేదీ ఆ తరవాతే. ఎండ ముదిరేదీ అప్పుడే. మెడ దగ్గరో వీపు పైభాగంలోనో వెన్నుపాముకు దెబ్బ తగిలినవారికి ఆ కిందిభాగంలో చెమట పట్టదు, ఒంటి వేడి బయటికి పోదు. మే నెల ఎండలో రెండు గంటల వరుస వారికి నిజంగా ప్రాణాపాయం. వానలు తగ్గాక, తవ్వకాలకు ముందు వచ్చే నవంబరు, డిసెంబరు నెలలే ఈ ప్రాంతపు కుటుంబాలకు సరైన అదను.

రెండో చిక్కు వాహనానిది. పల్లెల్లో ఎక్కువమంది దగ్గర ఉండేది మడతపడే వీల్‌చైర్ కాదు, శిబిరాల్లో పంచిన మూడు చక్రాల సైకిల్. కాన్పూర్‌లో 1972లో నెలకొల్పిన ఆలింకో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తయారుచేసే ఈ సైకిళ్లు ఊరి రోడ్డు మీద బాగా పనికివస్తాయి. బస్సులోకి రావు, పార్కు వరుసల్లోనూ పట్టవు. సైకిల్‌ను ఇంటి దగ్గర వదిలిన క్షణం నుంచి ఆ మనిషి ఎవరో ఒకరి చేతుల మీద ఆధారపడాల్సిందే. అందుకే పార్కులో వీల్‌చైర్ దొరుకుతుందా, ముందే చెబితే పక్కన పెడతారా అన్నది ఫోనులో అడగవలసిన మొదటి విషయం.

ఆర్టీసీ బస్సు ఎత్తైన మెట్లు మూడో చిక్కు. దివ్యాంగులకు పాసు మీద ఛార్జీ రాయితీ ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడంతో వెంట వచ్చే తల్లికో అక్కకో టికెట్టు ఖర్చు తప్పింది. ఛార్జీ తగ్గింది గాని మెట్టు ఎత్తు తగ్గలేదు. నిజామాబాద్ నుంచి రైలెక్కితే, తోడు లేకుండా ప్రయాణించలేని కదలిక వైకల్యం ఉన్నవారికి, వారి సహాయకుడికి స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో 75 శాతం రాయితీ ఉంది. బస్సులో జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర దిగినవారికి ఒక సుఖమైన మార్గం ఉంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో లైనులో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్‌కు, అక్కడ మారి ఎల్బీ నగర్‌కు వెళ్లవచ్చు. లిఫ్టులు, రైలు గడపతో సమానంగా ఉండే ప్లాట్‌ఫారం ఉన్న ఈ ముక్కే మొత్తం ప్రయాణంలో ఒకరి సాయం లేకుండా సాగగలిగేది. ఎల్బీ నగర్ నుంచి ఫిల్మ్ సిటీకి మళ్లీ రోడ్డే.

ఆవరణ లోపల

ర్యాంపుకు మన దేశంలో పాటించే వాలు 1:12. అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు కావాలన్నమాట. రెండడుగుల వేదికకు ఇరవై నాలుగడుగులు. చోటు చాలక నిటారుగా పోసిన సిమెంటు వాలును ర్యాంపు అని చూపించే చోట్లు ఎన్నో. వీల్‌చైర్ వెనక్కి పల్టీ కొట్టేది అలాంటి వాటి మీదే. తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు, వీల్‌చైర్ చుట్టూ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల ఖాళీ నేల ఉండాలని 2021 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ఇనుప గొట్టాలతో పాములా మెలికలు తిప్పిన వరుసలు ఈ కొలతకు లొంగవు. అందుకే చాలా పార్కులు వీల్‌చైర్‌లో వచ్చినవారిని దిగే దారి నుంచి లోపలికి పంపుతాయి. సందర్శకులకు ఇది తెలియక వరుస చివరన నిలబడిపోవడం తరచుగా జరిగేదే. రైడ్ దగ్గరి సిబ్బందిని అడగాలి.

మూత్రశాల గురించి మాట్లాడడానికి చాలామంది మొహమాటపడతారు. సందర్శనను నిర్ణయించేది మాత్రం అదే. దారిలో ఎక్కడ వెళ్లాలో తెలియక ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసే స్త్రీలు ఉన్నారు. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో నీళ్లు తగ్గితే మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వస్తాయి. మూత్రపు గొట్టం మార్చుకోవడానికి శుభ్రమైన, గడియ ఉన్న గది కావాలి. నీటి పార్కుల్లో ఇంకో సంగతి ఉంది. దుస్తులు మార్చుకునే గదులు ఆడ, మగ వేరువేరుగా ఉంటాయి. పద్దెనిమిదేళ్ల కొడుకుకు బట్టలు మార్చవలసిన తల్లి ఎటు వెళ్లాలి? భార్యను ఎత్తుకున్న భర్త ఎటు వెళ్లాలి? దీనికి జవాబు ఒక్కటే, ఎవరైనా వాడుకునే ఒక కుటుంబ గది. బ్రిటన్‌లో 2006లో మొదలైన ‘చేంజింగ్ ప్లేసెస్’ ఉద్యమం పెద్దవారిని పడుకోబెట్టి బట్టలు మార్చే బల్ల, ఎత్తే యంత్రం ఉన్న గదులు కావాలని అడిగి సాధించింది. ఖర్చులో రోలర్ కోస్టర్ ముందు ఈ గది ఏపాటిది కాదు.

రైడ్ ఎక్కడం, ఎక్కనివ్వకపోవడం

రోలర్ కోస్టర్ సీటులో మనిషిని పట్టి ఉంచేది అడ్డుకడ్డీ. కొన్నింట్లో అది తొడల మీద ఆనుతుంది, కొన్నింట్లో భుజాల మీదుగా దిగుతుంది. తొడల మీద ఆనే కడ్డీ పనిచేయాలంటే తొడలు ఉండాలి. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పార్కులో, ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్లు కోల్పోయిన మాజీ సైనికుడు కోస్టర్ నుంచి ఎగిరిపడి చనిపోయాడు. రెండు కాళ్లూ ఉండాలన్న నియమం ఆ రైడ్‌కు ఉన్నా సిబ్బంది ఎక్కనిచ్చారు. నియమం వెనక ప్రాణం ఉంటుందని చెప్పే ఘటన ఇది.

ప్రతి నియమమూ అలాంటిది కాదు. ఫ్లోరిడాలోని ఒక నీటి కోస్టర్‌ను పుట్టుకతో ఒక చేయి లేని సందర్శకుడు 2019లో ఎక్కబోతే ఆపేశారు. రాష్ట్ర చట్టం తయారీదారు సూచనలు పాటించమంటోందని పార్కు వాదించింది. ఆ వాదన ఒక్కటే చాలదని, నిజంగా భద్రతకు అవసరమని చూపాలని అప్పీలు కోర్టు 2023లో తీర్పు చెప్పింది. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెడితే గీత ఎక్కడ పడాలో తెలుస్తుంది. ఫలానా సీటు, ఫలానా కడ్డీ, ఫలానా శరీరం కలిసి భద్రంగా ఉంటాయా అన్నదే అడగదగిన ప్రశ్న. మనిషి వాలకం చూసి, చంకకర్రలు చూసి ‘వద్దు’ అనడం జవాబు కాదు.

వైద్యపరంగా తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉంటుంది, కుదుపులు ప్రమాదకరం. కండరాల క్షీణత ఉన్న పిల్లల్లో కొందరు తల నిలబెట్టుకోలేరు. హీమోఫిలియాలో చిన్న దెబ్బకూ లోపల రక్తస్రావం అవుతుంది. సికిల్ సెల్ ఉన్నవారికి చల్లని నీళ్లు, మంచు గది, దాహం కలిసి నొప్పుల దాడిని తెస్తాయి. గోదావరి అవతల ఆదిలాబాద్ ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే ఈ రక్తవ్యాధిని కూడా 2016 చట్టం వైకల్యంగా గుర్తించింది. మూర్ఛ ఉన్నవారు మెరిసే దీపాల ప్రదర్శనలకు దూరంగా ఉండాలి. స్పర్శ తెలియని కాళ్లు ఎండకు కాలిన జారుడుబల్ల మీద కాలిపోయినా నొప్పి తెలియదు. కాక్లియర్ ఇంప్లాంట్ బయటి భాగాన్ని రైడ్‌కు ముందు తీసి భద్రం చేయాలి. ఆ కాసేపు పిల్లకు ఏమీ వినపడదు కనుక ఏం జరగబోతోందో ముందే సైగలతో చెప్పి ఉంచాలి. జైపూర్ కృత్రిమ కాలు తడిసినా పాడవదు. తలకిందులయ్యే రైడ్‌లో మాత్రం పట్టీ జారి కింద ఉన్నవారి మీద పడే వీలుంది, అందుకే తీసి ఇమ్మంటారు.

ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో చెప్పవలసింది ఆ మనిషే. చంకల కింద ఒకరు, మోకాళ్ల కింద ఒకరు పట్టడం మామూలు పద్ధతి. భుజం కీలు వదులైనవారికి అది పనికిరాదు. అడగకుండా ఎత్తడం సాయం కాదు.

చూపు లేనివారికి, వినపడనివారికి, ఆటిజం ఉన్నవారికి

చూపు లేనివారు రోలర్ కోస్టర్‌ను ఆస్వాదించలేరన్నది పొరపాటు. వేగం, గాలి, కడుపులో పుట్టే జలదరింపు కళ్లతో పనిలేనివి. వారికి కావలసింది ఎక్కే ముందు సీటును, కడ్డీని తడిమి చూసే అవకాశం, ఎన్ని మలుపులో చెప్పే ఒక మాట. వినపడనివారికి ఇబ్బంది భద్రతా ప్రకటనల దగ్గర వస్తుంది. మైకులో చెప్పేది పక్కన తెలుగులో రాసి ఉంటే సగం సమస్య తీరుతుంది.

ఆటిజం ఉన్న పిల్లలకు కష్టం రైడ్ కాదు, వరుస. తోపులాట, హోరు, ఎంతసేపో తెలియని ఎదురుచూపు. అమెరికాలోని డిస్నీ పార్కులు ఇలాంటివారికి చాలాకాలం ఒక సహాయ కార్డు ఇచ్చేవి. దాంతో వరుస దాటి వెళ్లవచ్చు. ధనికులు వికలాంగులను కూలికి తెచ్చుకుని ఈ దారిన వెళుతున్నారని 2013లో పత్రికలు రాశాయి. ఆ ఏడాది అక్టోబరులో డిస్నీ ఆ కార్డును తీసేసి, బయట వేచి ఉండి చెప్పిన సమయానికి రావచ్చనే పద్ధతి పెట్టింది. 2024లో దాన్ని ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల లోపాలు ఉన్నవారికే పరిమితం చేసింది. ఇతర జబ్బులతో నిలబడలేనివారు బయట పడిపోయారు. కొందరి మోసానికి శిక్ష పడింది అర్హులకు. వైకల్యం బయటికి కనిపించనివారికి బ్రిటన్‌లోని గాట్విక్ విమానాశ్రయం 2016లో మొదలుపెట్టిన పొద్దుతిరుగుడు పువ్వు మెడతాడు ఇప్పుడు చాలా దేశాల్లో గుర్తు. పెన్సిల్వేనియాలోని సెసమీ ప్లేస్ 2018లో సిబ్బందికి శిక్షణ ఇప్పించి, ఆటిజం కేంద్రంగా ధ్రువీకరణ పొందిన తొలి థీమ్ పార్కు అయింది. అక్కడ ప్రతి రైడ్‌కు శబ్దం, వెలుగు, స్పర్శ ఎంతెంతో అంకెల్లో చెప్పే సూచిక ఉంటుంది. అటువంటి సూచిక రాయడానికి కాగితం ఖర్చే తప్ప మరొకటి లేదు.

చట్టం

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను 2007 అక్టోబరు 1న భారత్ ఆమోదించింది. అందులో 30వ అధికరణం వినోదాన్ని, విహారాన్ని హక్కుగా చెబుతుంది. దానికి అనుగుణంగా వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016 మన దేశంలో 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలు ఇందులో 21 అయ్యాయి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్లమంది వికలాంగులు ఉన్నట్టు తేలింది. అది ఈ కొత్త జాబితాకు ముందు వచ్చిన అంకె.

థీమ్ పార్కులకు ఈ చట్టంలో మూడు సంగతులు ముఖ్యం. ప్రజలు వినోదానికి వాడే ప్రైవేటు భవనం కూడా ‘పబ్లిక్ బిల్డింగ్’ నిర్వచనంలోకి వస్తుంది. అప్పటికే ఉన్న భవనాలను, నిబంధనలు వెలువడిన ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి తేవాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, గడువు 2022లో ముగిసింది. మూడోది అన్నిటికన్నా పదునైనది. న్యాయమైన లక్ష్యానికి తగినంత మేరకే అయితే తప్ప వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 3వ సెక్షన్ అంటుంది. రైడ్ దగ్గర ‘మీరు ఎక్కకూడదు’ అన్నప్పుడు కారణం చెప్పవలసిన భారం పార్కుదే. ఉల్లంఘనకు మొదటిసారి పదివేల రూపాయల వరకు, ఆ తరవాత యాభై వేల నుంచి ఐదు లక్షల వరకు జరిమానా ఉంది.

అమలు దగ్గర చాలాకాలం ఒక లొసుగు ఉండేది. నిబంధనల్లోని 15వ నియమం ప్రమాణాలను సిఫారసుల్లా చెప్పి ఊరుకుంది. రాజీవ్ రతూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ నియమం చట్టానికే విరుద్ధమని, తప్పనిసరి ప్రమాణాలను విడిగా రూపొందించాలని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారుచేసింది హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. ఫిర్యాదు చేయదలచినవారు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు రాయవచ్చు. టికెట్టు కొన్నవారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. తేదీ, సమయం, రైడ్ పేరు, నిరాకరిస్తూ చెప్పిన మాట అప్పటికప్పుడు రాసుకుని, టికెట్టు దాచుకోవాలి.

సిబ్బందిగా

వైకల్యం ఉన్నవారు వినోదస్థలాల్లో సందర్శకులుగానే కాక సిబ్బందిగానూ ఉంటారు. హైదరాబాద్ ఇనార్బిట్ మాల్‌లో ఏర్పాటైన ‘డైలాగ్ ఇన్ ద డార్క్’ జర్మనీలో 1988లో పుట్టిన ఒక ఆలోచనకు శాఖ. సందర్శకులు చీకటి గదుల్లో నడుస్తారు, దారి చూపేవారు చూపు లేనివారు. చూపున్నవారు అక్కడ వారి సాయంతో అడుగు వేయాలి. మోర్గన్స్ వండర్‌ల్యాండ్‌లోనూ ఉద్యోగుల్లో వైకల్యం ఉన్నవారు ఉన్నారు. మన పార్కుల్లో టికెట్టు కౌంటరు, సమాచార కేంద్రం, మైకు ప్రకటనల గది వంటి చోట్ల వీల్‌చైర్‌లో కూర్చునే చేయగల పనులు చాలా ఉన్నాయి.